ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు అడగవలసిన మాట



ఈ వారం వాక్యధ్యానం పక్కన పెట్టి లోకసంబంధమైన విషయం ఒకటి రాస్తున్నాను. లోకసంబంధం అన్నానే గానీ, పల్లెలో సేవ చేసే ఎవరికైనా ఇది తప్పని సంగతే. ఎవరికి ఆపరేషన్ అన్నా ముందురోజు సాయంత్రానికి ఫోను వస్తుంది. "అయ్యగారూ, రేపు పొద్దున్నే లోపలికి తీసుకెళ్తారంట, ఒక్కసారి వచ్చి ప్రార్థన చేసి వెళ్ళండి" అంటారు. హెర్నియా, గర్భసంచి, పిత్తాశయంలో రాళ్ళు, కంటి శుక్లాలు, తుంటి ఎముక, గుండె, ఇలా అన్ని రకాల మంచాల పక్కనా నిలబడ్డాను. అన్నిచోట్లా ఒకటే తీరు చూశాను. రోగి చుట్టూ పదిమంది ఉంటారు, పదిమందీ మాట్లాడతారు. మంచం మీద ఉన్న మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

అడగకపోగా "ఏం కాదు" అంటారు. కొడుకు అంటాడు, కోడలు అంటుంది, చూడవచ్చిన చుట్టం అంటాడు, బీపీ చూడవచ్చిన సిస్టరమ్మ కూడా అంటుంది. ప్రేమతోనే అంటారు, కాదనను. అయితే ఆ మాట చేసే పని ఏమిటో గమనించారా? రోగి నోరు మూయిస్తుంది. "ఏం కాదు" అన్నాక ఇక "నాకు భయంగా ఉంది" అనడానికి చోటు లేదు. అంటే పిరికివాడవుతాడు. మన విశ్వాసుల ఇళ్ళలోనైతే ఇంకో బరువు కూడా పడుతుంది, భయపడితే విశ్వాసం లేనట్టని. అందుకే చాలామంది గోడవైపు తిరిగి పడుకుంటారు. మనం బయటికొచ్చి "ధైర్యంగానే ఉన్నాడు" అని చెప్పుకుంటాం.

ఈ నోరు మూయడం వల్ల నష్టమేమిటో ఒక ఉదాహరణ చెప్తాను. మా పక్క ఊరి పెద్దాయన ఒకరికి హెర్నియా ఆపరేషన్. రాత్రి పది తర్వాత ఏమీ తినొద్దన్నారు. ఎందుకు తినకూడదో ఎవరూ చెప్పలేదు. ఆయన తెల్లవారకముందే లేచి పొలం పోయే మనిషి, నీరసంతో బల్ల ఎక్కితే మత్తు నుంచి లేవలేనేమోనని ఆయన భయం. అందుకని పొద్దున్నే ఎవరూ చూడకుండా రెండు ఇడ్లీలు తినేశాడు. తిన్నావా అని అడిగితే లేదన్నాడు. థియేటర్ తలుపు దగ్గర భార్య నోరు విప్పబట్టి సరిపోయింది. ఆపరేషన్ వాయిదా పడింది, ఆయన అందరిచేతా చివాట్లు తిన్నాడు. మత్తులో ఉన్నప్పుడు గొంతు దగ్గరి కాపలా సడలిపోతుంది, కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే తేలికపాటి తిండి అయినా ఆరు గంటల ముందే ఆపమంటారు. ఈ రెండు మాటలూ ఆయనకు ముందురోజు చెప్పి ఉంటే ఇడ్లీ ముట్టేవాడు కాదు. తిట్టవలసింది ఆయన్ని కాదని నా అభిప్రాయం.

నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను, సెమినరీలో డిప్లొమా చదివిన పాస్టర్ని. కానీ ఈ విషయంలో డాక్టర్లే చాలాకాలం కిందట ఆలోచించారని తెలుసుకుని సంతోషించాను. నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్‌లో మూర్మన్ అనే మత్తు వైద్యురాలు, ఆమె సహచరులు కలిసి 1996లో ఒక చిన్న ప్రశ్నావళి ప్రచురించారు. అందులో ఉన్నవి ఆరే ఆరు మాటలు. మూడు మత్తు గురించి, మూడు ఆపరేషన్ గురించి. మత్తు అంటే ఎంత బెంగగా ఉంది, ఆ ఆలోచన ఎంతగా వదలకుండా వెంటాడుతోంది, దాని గురించి ఎంత తెలుసుకోవాలని ఉంది. ఇవే మూడూ ఆపరేషన్ గురించి మళ్ళీ అడుగుతారు. ఒక్కోదానికి అస్సలు లేదు అన్నచోట 1, చాలా ఎక్కువ అన్నచోట 5. భయానికి సంబంధించిన నాలుగూ కలిపితే 4 నుంచి 20 దాకా, తెలుసుకోవాలన్న కోరికకు సంబంధించిన రెండూ కలిపితే 2 నుంచి 10 దాకా వస్తుంది. భయం లెక్క 11 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆ మనిషితో ప్రత్యేకంగా కూర్చోవాలని గుర్తు. రెండు నిమిషాలు కూడా పట్టని పని.

ఇందులో నాకు నచ్చింది లెక్క కాదు. భయాన్నీ, తెలుసుకోవాలనే కోరికనూ విడదీసి అడగడం నచ్చింది. మనం ఈ రెంటినీ ఒకటే అనుకుంటాం. భయపడేవాడికి ఏమీ చెప్పకూడదు, చెబితే ఇంకా భయపడతాడు అనుకుంటాం. వాళ్ళు 320 మందిని అడిగి చూస్తే, ఎక్కువగా తెలుసుకోవాలని కోరినవాళ్ళలోనే భయం కూడా ఎక్కువగా కనబడింది. అంతకుముందు ఎప్పుడూ ఆపరేషన్ చేయించుకోనివాళ్ళకు తెలుసుకోవాలనే కోరిక ఎక్కువగా ఉంది. అంటే పదేపదే ప్రశ్నలు వేసే రోగిని మనం "వీడికి అతితెలివి, డాక్టరుకే పాఠం చెప్తాడు" అని కసురుకుంటామే, ఆ మనిషి నిజానికి లోపల వణుకుతూ ఉండవచ్చు. ఆ ప్రశ్నలన్నీ వణుకులోంచి వచ్చేవే అయి ఉండవచ్చు.

మరోవైపు, ఏమీ తెలుసుకోవాలని లేనివాళ్ళూ ఉంటారు. "నాకేం చెప్పొద్దయ్యా, కళ్ళు మూసుకుంటా, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు" అంటారు. అలాంటి మనిషికి ఎక్కడ కోస్తారో, ఏం తీస్తారో బొమ్మలు గీసి చూపించడం హింస. తప్పనిసరిగా తెలియవలసింది చెప్పి, మిగతాది వదిలెయ్యాలి. ఎవరు ఎలాంటివారో ముఖం చూసి పోల్చుకోగలమని చాలామంది ధీమాగా చెప్తారు. నాకు నమ్మకం లేదు. మన పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, భయాన్ని ముఖం మీదికి రానివ్వకుండా బతకడం చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్ళు.

ఇంతకీ మన ఊళ్ళవాళ్ళ భయాలేమిటి? పుస్తకాల్లో ఉండేవి కావు. శుక్లాల ఆపరేషన్ అంటే కన్ను బయటికి తీసి, కడిగి, మళ్ళీ పెడతారని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అలా నమ్మి, చూపు పూర్తిగా మందగించేదాకా ఇంట్లోనే కూర్చున్న అమ్మలు నాకు తెలుసు. కన్ను దాని చోటనే ఉంటుంది, సన్నని కోత పెట్టి మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం అమరుస్తారు, నీకు మెలకువగానే ఉంటుంది కానీ నొప్పి తెలియకుండా మందు వేస్తారు, దగ్గు వస్తే కదలకుండా ముందే నోటితో చెప్పు. ఇంత చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మెలకువగా ఉంటుందన్న సంగతి తెలియక, మత్తు పనిచేయలేదనుకుని బల్ల మీద గింజుకున్నవాళ్ళ గురించి కూడా విన్నాను.

ఇంకో భయం నడుముకి ఇచ్చే సూది. "కాన్పప్పుడు ఆ సూది వేశారు, అప్పట్నుంచీ నడుం పోయింది" అని చెప్పని ఆడమనిషి మా మండలంలో లేదంటే అతిశయోక్తి కాదు. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండవచ్చనీ, కొందరికి కొద్దిరోజులు తలనొప్పి రావచ్చనీ, జీవితాంతం నడుంనొప్పికి మాత్రం ఆ సూదే కారణమనడానికి ఆధారం లేదనీ మత్తు డాక్టర్లు చెప్తారు. చెప్తారు సరే, అడిగినవాళ్ళకి కదా చెప్పేది.

ఇవి కాక వైద్యానికి సంబంధం లేనట్టు కనబడే బెంగలుంటాయి. తాళి, మెట్టెలు, గాజులు తీసి ఇమ్మంటే గుండె ఝల్లుమంటుంది. బట్టలు మార్చి పంపేటప్పుడు లోపల మగవాళ్ళుంటారా అన్న సిగ్గు. గేదెకు మేత ఎవరు వేస్తారు, డ్వాక్రా వాయిదా ఎవరు కడతారు. ఒకామె ఆపరేషన్ కన్నా మత్తులో ఏదైనా వాగేస్తానేమోనని ఎక్కువ భయపడింది. ఇంట్లోవాళ్ళు దాన్ని విని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమె మనసులో ఏ గుట్టు ఉందో నాకేం తెలుసు?

మత్తు అంటే భయపడటం చదువులేనివాళ్ళ అజ్ఞానం అనుకునేవారికి ఒక పాత సంగతి. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్ మత్తుతో అందరి ఎదుట ఆపరేషన్ చేసి చూపించారు. తర్వాతి సంవత్సరమే క్లోరోఫాం వచ్చింది. అది వాడటం మొదలయ్యాక కొందరు రోగులు బల్ల మీదే పోవడంతో, ఆ మందు చంపేది గుండెనాపా, ఊపిరినాపా అని పెద్ద పెద్ద డాక్టర్లు దశాబ్దాలపాటు తగువులాడుకున్నారు. ఆ తగువు తీర్చడానికి పరీక్షలు జరిగింది ఎక్కడో కాదు, మన హైదరాబాదులోనే. 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు పూనికతో జరిగాయి, నిజాం ప్రభువు డబ్బిచ్చాడు. ఊపిరిని జాగ్రత్తగా కనిపెడితే చాలని లారీ గట్టిగా వాదించాడు. గుండెకూ ప్రమాదమేనని తర్వాతి కాలంలో తేలింది. మత్తు ఇచ్చే చేతులే అన్నేళ్ళు భయపడితే, పుచ్చుకునే మా పెద్దమ్మ భయపడటంలో వింతేముంది? ఇప్పుడు మందులు మారాయి, గుండెనీ ఊపిరినీ క్షణక్షణం చూపించే మిషన్లొచ్చాయి, ఆరోగ్యంగా ఉన్న మనిషికి మత్తువల్ల ప్రాణాపాయం చాలా అరుదు. ఈ మాట ఆమెకు మత్తు డాక్టరు నోటి నుంచి వినబడాలి. ఫిట్‌నెస్ రాసే కాగితం దగ్గర గుండె చప్పుడు విని పంపేస్తే వినబడదు.

చెబితే భయం పెరుగుతుందనే వాదనకు మరో జవాబు కూడా ఉంది. 1964లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో ఎగ్బర్ట్ అనే డాక్టరు, ఆయన తోటివారు, కడుపు ఆపరేషన్ చేయించుకునే 97 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మత్తు డాక్టరు ముందుగానే వెళ్ళి, మెలకువ వచ్చాక నొప్పి ఎక్కడ ఉంటుంది, ఎందుకు ఉంటుంది, ఎన్నాళ్ళుంటుంది, ఎలా పక్కకు తిరిగితే తగ్గుతుంది అని చెప్పాడు. రెండో గుంపుకి నొప్పి సంగతి అలా చెప్పలేదు. చెప్పించుకున్నవాళ్ళకు నొప్పి మందు ఇంచుమించు సగమే సరిపోయింది, సగటున రెండున్నర రోజులకు పైగా ముందుగా ఇంటికి పంపగలిగారు. "నొప్పి ఉండదు" అని వాళ్ళకెవరూ చెప్పలేదని గమనించండి. ఉంటుందనే చెప్పారు.

ఇక సంతకం సంగతి. మన దగ్గర కాగితం ఎవరి చేతికిస్తారు? భర్తకి, కొడుక్కి, అల్లుడికి. చివర్లో రోగిచేత వేలిముద్ర వేయిస్తారు, అదీ గుర్తుంటే. 2008లో సుప్రీం కోర్టు ఒక తీర్పిచ్చింది. పరీక్ష కోసమని మత్తిచ్చిన నలభై నాలుగేళ్ళ స్త్రీకి, బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. వయసొచ్చి, తెలివితో ఉన్న మనిషి విషయంలో తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. ఏం చేయబోతున్నారు, ఎందుకు, వేరే దారులేమైనా ఉన్నాయా, పెద్ద ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ రోగికి అర్థమయ్యేలా చెప్పి తీసుకున్నదే సమ్మతి అంది. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపిస్తోంది. నలభై కూడా నిండని కూలి తల్లులు. "వేరే దారి ఉందా" అని వారిలో ఎంతమంది అడిగారు, అడిగే వీలు ఎంతమందికి ఇచ్చారు? ఈ చోట ఆ ఆరు ప్రశ్నలు భయం తగ్గించుకునే ఉపాయం మాత్రమే కావు. శరీరం ఎవరిదన్న ప్రశ్న కూడా అందులో ఉంది.

డాక్టర్లకు తీరిక లేదంటారు. నిజమే. పెద్దాసుపత్రిలో ఒక్క మత్తు డాక్టరు పొద్దున్నించి ఎంతమందిని చూస్తారో నేను కళ్ళారా చూశాను. వారి మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే ఆరు ప్రశ్నలు చదివి వినిపించడానికి డాక్టరే అక్కర్లేదు. వార్డు సిస్టరు చేయవచ్చు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన దగ్గరనుంచీ ఆస్పత్రి గుమ్మంలో ఒక బల్ల, ఒక మనిషి ఉంటున్నారు కదా. ఆరోగ్యమిత్ర అనండి, వైద్యమిత్ర అనండి, కార్డు చూసి ఫొటో తీసేటప్పుడు ఆ నాలుగు మాటలు కూడా అడగవచ్చు. అంకెలు రానివాళ్ళకు అయిదు వేళ్ళున్నాయి. "భయం ఎంతుంది, ఎన్ని వేళ్ళు చూపిస్తావమ్మా" అంటే చూపిస్తారు. పాతకాలపు పెద్దలనైతే "రూపాయికి ఎన్ని అణాలు" అని అడిగితే ఠక్కున చెప్తారు. నేను అలాగే అడుగుతాను. పన్నెండు అణాలని ఒక తాతగారు చెప్పినప్పుడు ఆయన భార్య తెల్లబోయింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన భయపడ్డాడని వినడం అదే మొదలట.

ఒక్క షరతు. అడిగాక జవాబు చెప్పే మనిషి ఉండాలి. ఎక్కువ అంకె వచ్చినవారి కాగితం మీద ఎర్ర గీత గీసి, మత్తు డాక్టరో సర్జనో వారి దగ్గర అయిదు నిమిషాలు ఆగాలి. అలా కాక ఆరు గళ్ళు నింపించి ఫైల్లో కుట్టేస్తే అడగకపోవడమే మేలు. భయాన్ని బయటికి లాగి నడివీధిలో వదిలేసినట్టవుతుంది. మన ఆఫీసుల సంగతి తెలిసినవాణ్ణి గనుక ఇది ముందే చెప్తున్నాను.

ఇప్పుడు మనవైపు, అంటే సేవకులం, సంఘస్థులం చేసేది చూద్దాం. పదిమంది వార్డులోకి వెళ్ళి గొంతెత్తి ప్రార్థన చేస్తాం. పక్క మంచం మీద అప్పుడే ఆపరేషన్ అయినవాడు మూలుగుతుంటాడు, పట్టించుకోం. ప్రార్థనలోనే భయాన్ని గద్దిస్తాం. గద్దిస్తే పోయేదైతే గెత్సేమనే తోటలో ఆ రాత్రి ప్రభువు శిష్యుల్ని దగ్గర ఉండి మెలకువగా ఉండమని ఎందుకు బతిమాలుకున్నాడు? ఆయన తన వేదనను వాళ్ళ దగ్గర దాచుకోలేదు. వాళ్ళు నిద్రపోయారు, అది వేరే విషయం. యెరికో దారిలో గుడ్డివాడు కేకలు వేస్తూ వచ్చినప్పుడు ఏం కావాలో కళ్ళకు కనబడుతూనే ఉంది. అయినా ఆయన ఆ మనిషినే అడిగాడు, చెప్పనిచ్చాడు, తర్వాతే స్వస్థపరిచాడు. మనకంత ఓపిక ఉండదు, అడగకముందే నూనె సీసా తీస్తాం.

కొందరు సేవకులు ముందుమాట ఇచ్చేస్తుంటారు, "ఆపరేషన్ అవసరమే ఉండదు" అనో, "బల్ల మీదనుంచి నవ్వుతూ వస్తావు" అనో. దయచేసి మానండి. అది విని ఆపరేషన్ మానుకున్నవాళ్ళ ఇళ్ళకు తర్వాత వెళ్ళవలసి వచ్చేది కూడా మనమే. ఉపవాస ప్రార్థన పేరుతో షుగరు బిళ్ళలు వేసుకునే రోగిని ముందు రెండు రోజులు పస్తుంచడం కూడా మానాలి. ఉపవాసం కావాలంటే మనం ఉందాం. చుట్ట, సారా, నాటుమందు, ఇంట్లో రోజూ వేసుకునే మాత్రలు, ఇవన్నీ మత్తు డాక్టరుకి దాచకుండా చెప్పమని రోగికి చెప్పడం కూడా సేవే. నలుగురిలో తాగుడు సంగతి ఒప్పుకోలేక డాక్టరు దగ్గర అబద్ధమాడే సంఘపెద్దలున్నారు. వాళ్ళతో ఏకాంతంగా మాట్లాడాలి.

వైద్యపు జవాబులు మనం చెప్పకూడదు, అది మన పని కాదు. ప్రశ్నను మోసుకెళ్ళడం మాత్రం మన పనే. మా సంఘంలో ఈ మధ్య ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరికైనా ఆపరేషన్ తేదీ ఇస్తే స్త్రీల సమాజం నుంచి ఒకరో ఇద్దరో వెళ్ళి, ఇంట్లోవాళ్ళను కాసేపు బయట కూర్చోమని, రోగి చెప్పిన ప్రశ్నల్ని ఒక కాగితం మీద రాస్తారు. ఆ కాగితం ఫైల్లో పైన పెట్టి డాక్టరుకి ఇస్తారు. కొందరు డాక్టర్లు చిరాకుపడ్డారు. ఎక్కువమంది చదివి, నవ్వి, కుర్చీ లాక్కుని జవాబు చెప్పారు.

వచ్చే వారం మాలో ఒక సహోదరికి పిత్తాశయం ఆపరేషన్. నిన్న ఆమె రాయించిన కాగితం నా దగ్గరే ఉంది. ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. పూర్తి మత్తా, నడుముకా? రాళ్ళు మాత్రమే తీస్తారా, సంచి కూడానా, సంచి లేకపోతే అన్నం అరుగుతుందా? లోపల ఆడమనిషి ఎవరైనా ఉంటారా? మత్తు దిగాక ముందు పిలిచేది ఎవరు, మా అమ్మాయిని ఆ గుమ్మం దగ్గర నిలబడనిస్తారా? అన్నిటికన్నా కింద, రెండుసార్లు గీత గీయించి రాయించింది ఇది: మిరప కోతలకు ఎన్ని రోజులకు పోవచ్చు?